కాయకము విడువని విద్య

శ్రీ గురు బసవలింగాయ నమః



మన నారాయణఖేడు ప్రాంతపు కుటుంబములలో ఇంజనీరింగు చదివి, సంగారెడ్డిలోను, జహీరాబాదులోను, హైదరాబాదులోను ఉద్యోగములు చేయుచున్న యువతీయువకులు కలరు. వారిలో కొందరికి ఇంకను పై చదువు చదివి, పరిశోధన చేసి, డాక్టరేటు పట్టము పొందవలెనను కోరిక పుట్టుచుండును. ఉద్యోగము మానిన ఇల్లు గడవదు. చదువు మానిన మనసు నిలువదు. ఇంటి పెద్దలు మాత్రము, "చేతిలో పని యుండగా ఈ వయసున మరల బడి యేమి? ఇది కీర్తి మీద ఆశ కాదా?" అని అడుగుదురు.

ఈ ప్రశ్నను తేలికగా త్రోసిపుచ్చరాదు. పెద్దలు చదువునకు శత్రువులు కారు. కాయకమునకు లోటు వచ్చునేమో, సంసారము చెదరునేమో యని వారి భయము. బసవాది ప్రమథులు కాయకమును పూజతో సమానముగా నిలిపినవారు. అట్టి కాయకమునకు హాని చేయు చదువైనచో అది మనకు తగదు. కాయకమును పరిపూర్ణము చేయు చదువైనచో దానిని వలదనుటయు తగదు. ఈ రెంటిని వేరుచేసి చూచుటయే ఈ పాఠము. కట్టడముల బలమును లెక్కగట్టు స్ట్రక్చరల్ ఇంజనీరును ఉదాహరణముగా తీసికొందము.

1. సిద్ధరామేశ్వరుల చరిత్ర చెప్పు పాఠము

పన్నెండవ శతాబ్దమున సొన్నలిగెలో, అనగా నేటి షోలాపురమున, సిద్ధరామేశ్వరులు వెలసిరి. చెరువులు త్రవ్వించుట, బావులు కట్టించుట, గుడులు నిలుపుట వారి నిత్యకృత్యము. మన శరణులలో నిర్మాణమునే సేవగా చేసిన మహనీయుడెవరని యడిగిన మొదట వారి పేరే చెప్పవలెను. అట్టివారి యొద్దకు అల్లమప్రభువు వచ్చి, ఇంత కట్టించితివి గాని నిన్ను నీవెరిగితివా యని నిలదీసినట్లు శూన్యసంపాదన గ్రంథము తెలుపుచున్నది. ఆ మాట సిద్ధరామునికి మొదట కష్టము తోచెను. తరువాత కన్ను తెరచెను. ఆయన ప్రభువుతో కల్యాణమునకు వెళ్లి, అనుభవమంటపమున శరణుల సాంగత్యము పొంది, చెన్నబసవేశ్వరుల వలన ఇష్టలింగదీక్షను గ్రహించెను. అనంతరము శూన్యసింహాసనము నధిష్ఠించెనని సంప్రదాయము.

ఇచట గమనింపవలసినది ఒకటి గలదు. అల్లమప్రభువు చెరువు త్రవ్వుటను నిందింపలేదు. చెరువు లేనిదే ఊరు బ్రతుకదని ప్రభువునకు తెలియదా? ఆయన ఎత్తిచూపిన కొరత వేరు. చేయు చేయి యున్నది గాని, చేయుచున్నదానిని లోతుగా ఎరిగిన అరివు ఇంకను నిండలేదు. పని మనిషిని పెద్దవానిని చేసినది. జ్ఞానము ఆ పనికి దృష్టి నిచ్చినది.

సిద్ధరాముడు కల్యాణమునకు వెళ్లునాటికి పసివాడు కాడు. వేలమందికి పని చూపుచున్న పెద్ద. ఐనను శిష్యుని వలె కూర్చుండి నేర్చెను. ఆ కల్యాణము నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. మనకు పొరుగుననే యున్నది. వయసు మీరిన పిమ్మట, పనిలో పేరు వచ్చిన పిమ్మట చదువేమిటని శంకించువారికి ఈ చరిత్రయే మొదటి సమాధానము.

2. కట్టడమునకు పరిశోధన యేల?

ఇంటి పైకప్పు బరువు దూలమునకు, దూలము నుండి స్తంభమునకు, స్తంభము నుండి పునాదికి, పునాది నుండి నేలకు చేరవలెను. ఈ దారి ఎక్కడ తెగినను కట్టడము నిలువదు. ఈ బరువు నడచు దారిని ముందుగా లెక్కించి, ఎక్కడ ఎంత ఇనుము, ఎంత సిమెంటు, ఎంత మందము కావలెనో నిర్ణయించుట స్ట్రక్చరల్ ఇంజనీరు కాయకము. ఈ లెక్కలకు ప్రభుత్వ ప్రమాణ గ్రంథములు కలవు. కాంక్రీటు పనికి భారత ప్రమాణము 456ను అనుసరింతురు. మరి గ్రంథము ఉండగా పరిశోధన యెందులకు?

దీనికి సమాధానము మన పొరుగుననే దొరకును. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున, మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి వద్ద భూకంపము వచ్చినది. నారాయణఖేడు నుండి నేరుగా పడమటికి కొలిచిన అది సుమారు 125 కిలోమీటర్ల దూరము. ఏడు వేలకు మించి ప్రాణములు పోయినవి. నాటి ప్రమాణ గ్రంథము ఆ ప్రాంతమును దేశమున అన్నింటికన్న తక్కువ భూకంప భయము గల మండలముగా చూపుచుండెను. అనగా గ్రంథమునకు తెలియని సంగతి భూమికి తెలిసియున్నది. తరువాత 2002లో ఆ ప్రమాణమును సవరించి, మొదటి మండలమును రెండవదానిలో కలిపి, లాతూరు ప్రాంతమును మూడవ మండలమున చేర్చిరి.

ఆ ప్రాణములను తీసినది కేవలము భూమి కదలిక కాదు. ఇండ్ల గోడలు మిక్కిలి మందముగా నుండినవి. లోపలి ముఖము ఒకటి, వెలుపలి ముఖము ఒకటిగా రాళ్లు పేర్చి, నడుమ చిన్న రాళ్లను, మట్టిని నింపిరి. రెండు ముఖములను పట్టి నిలుపు పొడుగురాళ్లు లేవు. పైన కఱ్ఱ వాసములపై మందముగా పరచిన మట్టికప్పు. నేల ఊగగానే గోడ నడుమ నుండి రెండుగా చీలినది, కప్పు మీద పడినది. మందముగా నున్నది గట్టిగా నుండునని జనుల నమ్మకము. ఆ నమ్మకమే ఆ రాత్రి ప్రాణాంతకమైనది. గోడకు అడ్డముగా అచ్చటచ్చట పొడుగురాళ్లు ఉంచుట, తలుపుల పైయెత్తున గోడ చుట్టును విడువక ఒక కాంక్రీటు పట్టీ వేయుట, కప్పుపై మట్టి బరువు తగ్గించుట వంటి ఉపాయములు పెద్ద ఖర్చు లేనివి. అట్టి ఉపాయములను పరీక్షించి లెక్కతో నిరూపించి మేస్త్రీల కందించుట పరిశోధకుల పని.

మన ప్రాంతపు నేలను చూడుడు. నల్లరేగడి భూమి వానకు ఉబ్బును, ఎండకు ముడుచుకొని నెఱ్ఱలు విచ్చును. దానిమీది ఇంటి గోడలు ఏటేట బీటలు వారును. గృహస్థుడు దిష్టి యనుకొనును, లేదా మేస్త్రీని నిందించును. అసలు కారణము పునాది క్రింద తేమ మారుచుండుటయే. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇందుకొక మార్గము చూపినది. సాధారణముగా 3.5 మీటర్ల లోతున, ఋతువుతో తేమ మారని చోటికి గుండ్రని గుంత తీసి, అడుగున దానిని వెడల్పు చేసి, గడ్డ గల కాంక్రీటు కంబమును పోయుదురు. నేల ఉబ్బినను ఆ గడ్డ కంబమును పట్టియుంచును. ఇట్టి విద్య ఒక కుర్చీలో కూర్చుండి ఊహించినది కాదు. బీటలు వారిన ఇండ్లను చూచినవారు ప్రశ్న వేసికొని, ప్రయోగము చేసి, తేల్చినది. కావున పనిలో నున్న ఇంజనీరు పరిశోధనకు పూనుకొన్నచో అది అలంకారము కాదు. ప్రశ్న అతని యెదుటనే యున్నది.

3. ముందు నడచినవారు

తెలుగువారిలో ఈ మార్గమునకు ఉజ్జ్వల దృష్టాంతము డాక్టర్ కానూరి లక్ష్మణరావు. 1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించిరి. బాల్యముననే తండ్రిని కోల్పోయిరి. బడిలో ఆటలాడుచుండగా తగిలిన గాయము వలన ఒక కంటి చూపు పోయినది. ఐనను మద్రాసు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగులో మాస్టరు పట్టము పొందిన మొదటి విద్యార్థియైరి. బర్మాలోని రంగూనులో ఆచార్యులుగా పనిచేసిరి. ఉద్యోగము దొరికినది గదా యని విద్యను ముగింపక, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయము నుండి 1939లో పిహెచ్.డి. సాధించిరి. కట్టడముల శాస్త్రమును గూర్చియు, ఇనుము చేర్చిన కాంక్రీటును గూర్చియు గ్రంథము వ్రాసిరి. ఆ విద్య పుస్తకమునందే నిలువలేదు. నాగార్జునసాగరు ఆనకట్ట రూపకల్పనలో వారిది ప్రముఖ స్థానము. 1963లో పద్మభూషణ బిరుదము, అదే సంవత్సరమున కేంద్రమున నీటిపారుదల, విద్యుచ్ఛక్తి మంత్రి పదవి వారిని వరించినవి. 1986లో పరమపదించిరి.

జర్మనీకి చెందిన ఫ్రిట్జ్ లియోన్‌హార్ట్ వంతెనల నిర్మాణమున పనిచేయుచునే 1938లో డాక్టరేటు పొందెను. ఆయన వ్యాసము విషయము మనకు సులభముగా బోధపడును. వంతెనలో పొడుగు దూలములు కొన్ని ప్రక్కప్రక్కన నుండును. బండి ఒక దూలముపై నిలిచిన బరువంతయు దానిమీదనే పడవలెనా? అడ్డదూలములు ఉన్నచో ఆ బరువును ప్రక్క దూలములకును పంచిపెట్టును. ఎంతెంత పంచునో తేలికగా లెక్కించు పద్ధతిని ఆయన చూపెను. పనిలో ఎదురైన చిక్కే పరిశోధన విషయమైనది, పరిశోధన ఫలము మరల పనికే చేరినది. మనమును ఈ దూలముల సంగతిని గుర్తుంచుకొందము. కుటుంబమును గూర్చి చెప్పునప్పుడు మరల పనికివచ్చును.

స్త్రీలకు ఇది సాధ్యమా యని సందేహించు తల్లిదండ్రులు డాక్టర్ గాలి మాధవీలతను తలచుకొనవలెను. ప్రకాశం జిల్లాలో పుట్టి, కాకినాడలోను వరంగల్లులోను చదివి, మద్రాసు ఐ.ఐ.టి.లో డాక్టరేటు పొందిన ఈమె, బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థలో ఆచార్యురాలుగా పాఠములు చెప్పుచునే, చీనాబు నదిపై రైలు వంతెనకు కొండచరియల బలమును గూర్చి 17 సంవత్సరములు సలహాలిచ్చిరి. నదికి 359 మీటర్ల యెత్తున నిలిచిన ఆ వంతెన 2025 జూన్ 6వ తేదీన ప్రారంభమైనది.

4. నేటి మార్గము

ఉద్యోగము మానక పరిశోధన చేయుటకు చట్టబద్ధమైన మార్గము గలదు. 2022 నవంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘము ప్రకటించిన నిబంధనల ప్రకారము పార్ట్‌టైము పిహెచ్.డి.కి అనుమతి యున్నది. అభ్యర్థి తన యజమాని నుండి నిరభ్యంతర పత్రము తేవలెను. చదువునకు అనుమతి నిచ్చితిమనియు, ఉద్యోగ విధులు పరిశోధనకు తగిన వ్యవధి నిచ్చుననియు, అవసరమైనచో పాఠ్యభాగము పూర్తిచేయుటకు సెలవు ఇత్తుమనియు అందులో నుండవలెను. కాలము కనీసము మూడు సంవత్సరములు, గరిష్ఠము ఆరు సంవత్సరములు. మరల నమోదు చేసికొన్నచో ఇంకను రెండు సంవత్సరముల వరకు గడువు పొందవచ్చును. స్త్రీలకు, నలువది శాతమునకు మించిన అంగవైకల్యము గలవారికి మరి రెండు సంవత్సరముల సడలింపు గలదు. మొత్తము పది సంవత్సరములకు మించరాదు. పరిశోధనకు ముందు కనీసము 12 క్రెడిట్ల పాఠ్యభాగము చదివి ఉత్తీర్ణులు కావలెను. సిద్ధాంత వ్యాసమును సంస్థకు వెలుపలి పండితులు కనీసము ఇద్దరు పరీక్షింతురు. అనంతరము సభ యెదుట మౌఖిక పరీక్ష జరుగును. ఐ.ఐ.టి.ల నిబంధనలు వేరుగా నుండును గాని, ఉద్యోగస్థులను చేర్చుకొను పద్ధతి అచ్చటను గలదు.

మనకు దూరపు దేశములకు పోవలసిన పనియు లేదు. 2008లో ప్రారంభమైన హైదరాబాదు ఐ.ఐ.టి. మన సంగారెడ్డి జిల్లాలోని కందిలోనే యున్నది. హైదరాబాదులో 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము, 1972లో స్థాపింపబడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము కలవు. దేశమునందలి సిద్ధాంత వ్యాసములను శోధగంగ యను భాండాగారమున ఉచితముగా చదువవచ్చును. చేరకముందే నాలుగు వ్యాసములు చదివి చూచినచో ఈ పని ఎట్టిదో తెలిసిపోవును.

ఒక హెచ్చరిక. ఇంట కూర్చుండి దూరవిద్య ద్వారా పిహెచ్.డి. ఇత్తుమను ప్రకటనలను నమ్మరాదు. అట్టి పట్టమును నిబంధనలు అంగీకరింపవు. డబ్బు పుచ్చుకొని వ్యాసము వ్రాసి యిచ్చువారును కలరు. అట్లు కొన్న పట్టము లోన మట్టి నింపిన గోడ వంటిది. కిల్లారి కథ మరల చెప్పనక్కరలేదు.

5. కాలము ఎక్కడిది?

అందరును అడుగు ప్రశ్న ఇది. లెక్క వేసి చూతము. దినమునకు రెండు గంటల చొప్పున ఆరు దినములు, ఆదివారము ఆరు గంటలు చదివినచో వారమునకు 18 గంటలు. ఏడాదికి 50 వారముల చొప్పున 900 గంటలు. ఆరు సంవత్సరములకు 5,400 గంటలు. వారమునకు 40 గంటలు పూర్తికాలము చదువువానికి మూడు సంవత్సరములలో 6,000 గంటలు. రెంటికిని అంతరము పెద్దది కాదు. ఉద్యోగస్థునికి కావలసినది కాలము కన్న నియమము.

కాంక్రీటు పోసిననాడే దానికి బలము రాదు. తడి యారనీయక దినదినము నీరు పట్టవలెను. 28 దినముల పిమ్మట ఘనమును యంత్రముపై నుంచి నలిపి దాని బలమును కొలుతురు. మొదటి వారము నీరు పట్టక, చివరి దినమున కుండలతో కుమ్మరించిన ప్రయోజనము లేదు. ఇష్టలింగ పూజను దినమును తప్పక చేయువానికి ఈ నియమము క్రొత్త కాదు. తెల్లవారుజామున పూజానంతరము రెండు గంటలు, మనసు తేటగా నున్నప్పుడే, చదువునకు కేటాయించుట మేలు.

శరణుల మార్గమున ఇంకను మూడు నియమములు పాటింపవలెను.

మొదటిది, కాయకమున దొంగతనము కూడదు. జీతము తీసికొను వేళలో తన వ్యాసము వ్రాసికొనుట, యజమాని పటములను, లెక్కలను అనుమతి లేక వాడుకొనుట, ఇతరుల వ్రాతను తనదిగా చూపుట, ఇవి యన్నియు దొంగతనములే. త్రాళ్లు పేనుట కాయకముగా గల నులియ చందయ్య కథ మనకు తెలిసినదే. గడ్డి కోయునప్పుడు ఇష్టలింగము నీట జారిపోయినను ఆయన చేతిపనిని ఆపలేదని చెప్పుదురు. పనిపట్ల అంత నిష్ఠ గల సంప్రదాయము మనది.

రెండవది, అతిలోభము కూడదు. ఆయ్దక్కి మారయ్య బియ్యపు గింజలు ఏరి తెచ్చి దాసోహము చేయువాడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినప్పుడు ఆయన భార్య లక్కమ్మ మందలించి, ఎక్కువను తిరిగి పోసి రమ్మనెను. పేరు ముందు రెండక్షరములు చేర్చుకొనుటకే చదివినచో అది ఎక్కువ తెచ్చిన బియ్యమే. పనికి కావలసినంత జ్ఞానమునకై చదివినచో అది న్యాయమైన దోసిలి.

మూడవది, ఫలమును దాసోహము చేయవలెను. ఇంగ్లీషులో వ్రాసిన వ్యాసము గ్రంథాలయమున నిదురించిన దాసోహము నెరవేరదు. గోడలో పొడుగురాయి ఎంత యెడముగా నుంచవలెనో, రేగడిలో పునాది ఎంత లోతున వేయవలెనో మన మాటలలో మేస్త్రీలకు చెప్పినపుడు ఆ విద్య జంగమమగును. ఎంత గట్టిగా కట్టినను కట్టడమునకు ఒక ఆయువు గలదు. చేయి మారి నడచు విద్యకు ఆయువు తీరదు.

6. కుటుంబము, మఠము చేయవలసినది

లియోన్‌హార్ట్ దూలములను మరల తలచుకొందము. బరువు పడినది ఒక దూలముపైననే. దానిని నిలిపినవి అడ్డదూలములు. చదువుచున్న ఉద్యోగస్థుని ఇంట భార్య గాని, భర్త గాని, తల్లిదండ్రులు గాని ఆ అడ్డదూలములు. ఐతే ఇంజనీరు లెక్కవేయక ఏ దూలముపైనను బరువు పెట్టడు. ఇంటివారిపై ఎంత బరువు పడుచున్నదో చదువువాడును లెక్క చూచుకొనవలెను. ఆరు సంవత్సరముల పని యని ముందే చెప్పి, అందరి సమ్మతి పొంది మొదలిడుట ధర్మము. పిల్లల చదువు, పెద్దల మందులు, బంధువుల శుభకార్యములు వీనికి నెలలో కొన్ని దినములు ముందే విడిచిపెట్టవలెను. కోడలు చదువుదునన్నచో వంటయింటి పని తక్కినవారు పంచుకొనవలెను. అనుభవమంటపమున స్త్రీపురుషులు సమానముగా కూర్చుండిరని వేదికలపై చెప్పుకొని, ఇంట ఆమె పుస్తకమును మూయించుట బసవధర్మము కాదు.

మఠములు విద్యాదాసోహమునకు ఏనాడో దారి చూపినవి. తుమకూరు సిద్ధగంగ మఠమున శ్రీ శివకుమార మహాస్వాములవారు 2019లో లింగైక్యము చెందునంతవరకు వేలాది విద్యార్థులకు, జాతిమత భేదము లేక, అన్నము, వసతి, విద్య ఒసగిరి. మన చిన్న మఠములు అంత చేయలేకపోవచ్చును. ఒక నిశ్శబ్దమైన గది, ఒక బల్ల, ఒక దీపము, రాత్రి పది గంటల వరకు తెరచియుంచు తలుపు ఇయ్యగలవు. సంవత్సరమున కొకమారు, చదువుకొన్న ఇంజనీరులను మేస్త్రీలతో కలిపి కూర్చుండబెట్టగలవు. అదియు ఒక అనుభవమంటపమే.

7. మననమునకు

ఈ పాఠమును ఇంట చదివిన పిమ్మట కలిసి ఆలోచింపుడు.

సిద్ధరామేశ్వరునిలో అల్లమప్రభువు చూపిన కొరత యేమి? అది నా పనిలో ఎక్కడ గలదు?

నా కాయకమున సమాధానము దొరకని ప్రశ్న యేది? దానిని తెలిసికొన్నచో ఎవరికి మేలు కలుగును?

మన ఇంట చదువగోరువారు ఎవరు? వారి బరువులో నేను మోయగలిగినది ఎంత?

మన ఊరి పాత రాతిగోడలలో పొడుగురాళ్లు కలవా? ఈ ప్రశ్న మాత్రము వాయిదా వేయక, ఈ వారముననే మేస్త్రీని పిలిచి చూపించుకొనుడు.

చదువునకు ముందు పెద్దలు వేసిన ప్రశ్న న్యాయమైనది. కీర్తికై చదివిన అది ఆశ. పని పండుటకై చదివిన అది కాయకమునకే మరియొక మెట్టు. ఈ భేదము నెరిగి ఆశీర్వదింపుడని పెద్దలను, ఈ భేదమును మరువక నడువుడని పిన్నలను ప్రార్థించుచున్నాము.

శరణు శరణార్థులు.